అరిగిన చోట

మూడు తెరలు బల్లమీద పరిచి
రదోవాన్ పక్కకి తప్పుకున్నాడు.
బాన్స్కా బిస్త్రిత్సాలో స్టేషన్ ఎదుటి కొట్టు.
బయట మంచు కరిగి బురదవుతోంది.
నా బూట్ల చుట్టూ గచ్చుమీద రెండు మడుగులు.

"ఏం గీస్తారు మీరు?"
గీయను బాబూ, తవ్వుతాను.
ముప్పై ఒక్క ఏళ్లుగా పతకాలకు ముఖాలు తవ్వుతున్నాను,
పళ్లెమంత ప్లాస్టర్ బిళ్లల్లో.
లోతు మొత్తం కలిపి నా గోటి మందం.
ఆ మందంలోనే ముక్కుండాలి, ముక్కు వెనక చెంప,
చెంప వెనక చెవి,
చెవి వెనక ఒక ఊరు, ఊరి వెనక కొండ.

ఇప్పుడిక ప్లాస్టర్ వద్దన్నారు.
ఫైలు పంపితే చాలట, ఉక్కును లేజరే కొరుక్కుంటుందట.
"నీ చెయ్యి కావాలి బ్లజెనా, ఆ దుమ్మే వద్దు"
అన్నాడు కొత్త మేనేజరు. మర్యాదగానే.

మొదటిది పెద్దది,
కిటికీ తలుపు ఊడదీసి పడుకోబెట్టినట్టు.
కోటి రంగులన్నాడు.
నాకెందుకు రంగులు?
నా లోకమంతా తెలుపూ, తెలుపు మీద నీడా.
ఈ అంచు నుంచి ఆ అంచుకు చాచేసరికి భుజం మూలిగింది.
ధర అడిగితే
నోటితో చెప్పలేక కాల్‌క్యులేటరు నావైపు తిప్పాడు.

రెండోది పలచన, కంటికి నదరు.
కలం ఆనించాను.
మొనకీ గీతకీ మధ్య వెంట్రుకవాసి ఎడం.
"అందరికీ అంతేనండీ, రెండ్రోజుల్లో అలవాటైపోతుంది."
అవుతుంది. నాకు తెలుసు.
మా అన్నని నాలుగేళ్లు అలాగే చూశాను,
అద్దానికి ఇటు నా అరచెయ్యి, అటు వాడిది,
పక్కన గడియారం చూసుకుంటూ ఒక కాపలావాడు.
అలవాటైంది కాబట్టే ఇక చాలు.
పైగా ఒకటే నునుపు.
కలం మంచుమీద ఆవులా జారుతోంది.

చూడు, పరధ్యానంలో నా పేరు తిరగేసి రాశాను.
అచ్చు పోసేవాళ్ల రాత అది, వేళ్లకు పట్టిన జబ్బు.
రదోవాన్ మెడ వంచాడు, తల తిప్పాడు,
చివరికి ఒక మీట నొక్కాడు.
తెరంతా ఎడమ కుడై
నా పేరు తిన్నగా లేచి నిలబడింది.
ముప్పై ఒక్క ఏళ్లు జేబులో అద్దం మోశాను
ఈ ఒక్క పనికి!

మూడోది మచ్చుకు పెట్టింది.
మూలన పగుళ్లు కావు గానీ గీతలు,
నడిమధ్య అరచెయ్యంత మేర మసక.
తెరలో బూడిదరంగు మట్టి ముద్ద ఒకటి గుండ్రంగా తేలుతోంది.
ఊపిరంత బరువు వేశాను.
వింది.
ఇంకొంచెం. లోపలికి దిగింది.
తేనెటీగల వాళ్ల సంఘానికి అడిగిన పతకం గుర్తొచ్చి
రెక్క ఒకటి మొదలుపెట్టాను.
మసక దగ్గరికి రాగానే
కలం కింద ఏదో కరకరమంది.
ఆరీ ఆరని ప్లాస్టర్ పంటికింద పడ్డట్టు.

రెండేళ్లుగా ఈ ఊళ్లో ప్రతివాడూ వచ్చి
సరిగ్గా ఇక్కడే సంతకం గీశాడు,
ఇక్కడే హృదయం బొమ్మ, ఇక్కడే సుడి,
ఇక్కడే గళ్లు గళ్లుగా ఏమీ కాని గీతలు.
కొనకుండా పోయినవాళ్లంతా కలిసి
నాకోసం ఈ గరుకు తయారుచేశారు.

"ఇదే రకం లోపల సీలు విప్పనిది ఉందండీ."
వద్దు. ఇదే.
"అరిగిపోయిందిది."
అందుకే.
కుర్రాడు సిగ్గుపడి సగానికి ఇచ్చాడు,
ఒక సంచీ, రెండు కలం మొనలు ఊరికే కలిపి.

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుంటే
పక్క సీటావిడ కేకేమో అనుకుంది.

ఇంట్లో ఒక చిక్కు వచ్చింది.
నాది ఎడమచేతి వాటం. ఎడమ చెయ్యి తవ్వుతుంటే
కుడిచెయ్యి బిళ్లను తిప్పుతూ ఉండేది ఇన్నాళ్లూ,
వెలుగుకి ఎదురుగా, వెలుగుకి ఏటవాలుగా.
ఇప్పుడది బల్లమీద ఊరికే తడుముతోంది,
పని పోయిన మనిషి ఉదయాన్నే లేచి కూచున్నట్టు.

అటకమీంచి ఇసక నింపిన తోలు దిండు దించాను,
నా గురువు జోల్తాన్ చెమట ఇంకా అందులో ఉంది.
తెరను దానిమీద ఆనించాను.
ఇసక చప్పుడు చేసుకుంటూ సర్దుకుంది.
వేళ్లతో అంచు నెట్టి చూశాను.

తిరిగింది.